తోక కొసన కుబుసం బిగిస్తే: ఐదు మార్కులకి స్ప్రేకి 1, మూతడబ్బాకి 4

ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో బొరియలు తవ్వి పట్టి ఎగుమతి చేసిన బాల్ పైథాన్ అనే పెంపుడు పాముకి కుబుసం ముక్కలుముక్కలుగా ఊడటం తరచూ కనిపించేదే. ప్రయాణంలో ఒళ్లు ఎండిపోయి వస్తుంది, పైగా పొలుసుల కింద పిడుదులు, మైట్లు (రక్తం పీల్చే సన్నని పురుగులు). మన జెర్రిపోతునో కొండచిలువనో ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఈ సమీక్ష వాటికోసం కాదు.

అందరూ ముందు కొనేది షెడ్డింగ్ స్ప్రే, అంటే కుబుసం సులువుగా ఊడాలని పాము మీద కొట్టేది. పైపైన తడిపి కాసేపట్లో ఆరిపోతుంది. పాము ఉండే ట్యాంకులో గాలి పొడిగా ఉంటే ఎన్ని సీసాలు కొట్టినా దండగే.

ఆ డబ్బుతో ముదురు రంగు ప్లాస్టిక్ మూతడబ్బా కొనండి. పాము చుట్టుకుంటే ఒళ్లు గోడలకి తగిలేంత సైజు చాలు. పాము లావుకి రెట్టింపు కన్నం పెట్టి, అంచుని గరుకుకాగితంతో నున్నగా రుద్దండి. లేదంటే కొత్త చర్మం గీరుకుపోతుంది. స్ఫాగ్నమ్ నాచు నానబెట్టి, చుక్క కారనంతగా పిండి లోపల పరచండి. కుబుసం విడిచే ముందు పాము కళ్లు నీలంగా మసకబారగానే డబ్బాని ట్యాంకులో వెచ్చని వైపు పెట్టి, కుబుసం విడిచాక తీసేయండి. ఎప్పుడూ తడిలోనే ఉంటే పొట్ట పొలుసులు బొబ్బలెక్కుతాయి. ఒక మార్కు తగ్గించింది మైట్ల వల్ల: నాచులో అవి కాపురం పెట్టేస్తాయి. అవి ఉన్నన్నాళ్లూ నాచు బదులు తడి టిష్యూ వేసి రోజూ మార్చాలి.

విడిచిన కుబుసాన్ని విప్పి చూడండి. రెండు కంటిపొరలు (కళ్లమీద ఉండే పారదర్శక పొలుసులు), మొనదేలిన తోక కొస ఉండాలి. కొస లేదంటే అది తోకమీదే ఉంది, రంగు వెలిసిన ఉంగరంలా. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇంకో పొర తోడై బిగుసుకుంటుంది, రక్తం ఆడక కొస నల్లబడి పుల్లలా ఎండుతుంది. బల్లి తోకలా మళ్లీ మొలవదు.

ఉంగరం కనిపిస్తే 28–30 డిగ్రీల నీళ్లలో, ఒంటి ఎత్తులో సగం మునిగేలా 20 నిమిషాలు ఉంచండి, పక్కనుంచి కదలకండి. తర్వాత తడి తువ్వాలు వేళ్లమధ్య పట్టి, తోకని దానంతట అదే జారనివ్వండి. రాకపోతే మర్నాడు మళ్లీ, అంతేగానీ లాగొద్దు. కంటిపొరని గోటితో అసలు ముట్టుకోవద్దు. నల్లబడితే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికే.

తోక వంకర సంగతి వేరు. పట్టినప్పుడు ఎముక విరిగి అలాగే అతుక్కుని ఉండొచ్చు. దానికి డబ్బా, స్ప్రే రెండూ పనికిరావు. వంకర దగ్గర వాపు గానీ, కొస కదలకపోవడం గానీ ఉంటే ఎక్స్‌రే తీయించండి.