అక్షరాల స్థానంతో పదం విలువ: కోడ్ నుంచి తీసివేతా, సొంత పట్టికా?

పదంలో ఒక్కో అక్షరానికీ వర్ణమాలలో దాని స్థానాన్నే విలువగా ఇచ్చి కూడే ప్రోగ్రాం రాయాలంటే రెండు దారులు: కంప్యూటర్ కోడ్ సంఖ్య నుంచి తీసివేయడం, లేదా మనమే విలువల పట్టిక రాసుకోవడం. ఇంగ్లీషు పదాలకైతే నేను తీసివేతనే వాడతాను. పైతాన్‌లో అక్షరం కోడ్ సంఖ్యను చెప్పే ఆర్డ్ ఫంక్షన్ పెద్దబడి ‘ఏ’కి 65 ఇస్తుంది. అందులోంచి 64 తీసేస్తే 1. ‘క్యాట్’ అంటే 3, 1, 20, మొత్తం 24. రెండు లైన్లలో పని అయిపోతుంది.

తెలుగుకొచ్చేసరికి ఇదే పద్ధతి దెబ్బతింటుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ‘క’ 3093. 3092 తీసేస్తూ పోతే ‘న’కి 20 సరిగ్గానే వస్తుంది. కానీ దాని తర్వాత ఒక స్థానం ఖాళీ. అందుకే ‘ప’కి 21 బదులు 22 వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, లెక్క మాత్రం తప్పు. అసలు టెన్షన్ అదే. పైగా ‘అమ్మ’ మన కంటికి రెండక్షరాలు. ప్రోగ్రాంకి అ, మ, పొల్లు, మ అని నాలుగు.

పట్టికైతే ఒక్కో హల్లుకీ విలువ మనమే పైతాన్ డిక్షనరీలో (అక్షరం, విలువ జతల జాబితాలో) రాసుకోవాలి. టైపింగ్ విసుగే, ఒప్పుకుంటాను. కానీ గుణింతాలను, పొల్లును ఏం చేయాలో మన ఇష్టం. విలువలు మారిస్తే అదే ప్రోగ్రాం కటపయాదికీ (కర్ణాటక సంగీతంలో రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల నుంచి దాని సంఖ్య తెలిపే పద్ధతికీ) పనికొస్తుంది: ‘మేచకల్యాణి’లో మ 5, చ 6, తిరగేస్తే 65, అదే ఆ మేళకర్త (మూల రాగం) సంఖ్య. తెలుగుకి నా ఓటు పట్టికకే.