ట్యాబ్లెట్టా, పాటల పెట్టా, పూలబుట్టా? డిమెన్షియా ఉన్న అమ్మకు ఏది మేలు?

మా ఇంటికి మొదట వచ్చింది ట్యాబ్లెట్. బొమ్మలు జతచేసే ఆటలన్నీ ఎక్కించి బెంగళూరు నుంచి తమ్ముడు పంపాడు. అమ్మకు 76 ఏళ్లు, డిమెన్షియాలో ఒక రకమైన ఆల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. ముసలి వేళ్లు ఎండిపోయి ఉంటాయి కదా, తాకితే తెర పలకదు. పలకలేదని గట్టిగా నొక్కిపడితే ఇంకేదో తెరుచుకుంటుంది. తప్పు జత పెడితే కుయ్‌మంటుంది. నాలుగోసారి కుయ్‌మన్నాక అమ్మ దాన్ని బోర్లించి, "నాకు రాదులే" అంది. బడి ముఖం చూడలేదని జీవితమంతా బిడియపడిన మనిషికి ఈ వయసులో పరీక్ష పెట్టానన్నమాట. ఈ ఆటలతో జబ్బు నయమవుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

అదే తెరలో తమ్ముడు కనిపిస్తే వేరే కథ. "ఎప్పుడొచ్చినావు నాయనా, తిన్నావా?" అంటూ మురుకు విరిచి తెరకు ఆనించింది. వాడు అక్కడ నోరు తెరిచి నమిలినట్టు నటించాడు. కాల్ అయిపోయాకే కష్టం, "వాడేడీ?" అని ఇల్లంతా వెతికింది. ఇప్పుడు మధ్యాహ్నం అన్నానికి ముందే చేయమంటున్నాను. వాడు పోగానే కంచం ముందుకొస్తుంది, వెతుకులాట లేదు.

పాటల పెట్టె దీనికన్నా చాలా నయం. బటన్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. మా దానికి ఒక్కటి వదిలి మిగతావాటి మీద ప్లాస్టర్ అంటించాను. అసలు లెక్కంతా ఏ పాటలన్న దాంట్లోనే. మాది తిరుపతి కదా, అన్నమయ్య కీర్తనలు చాలనుకున్నా. అమ్మ వింది, దండం పెట్టింది, అంతే. పదేళ్లకూ ముప్పైకీ మధ్య విన్నవీ చూసినవీ మనిషిలో లోతుగా నాటుకుంటాయట. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది, అమ్మకప్పుడు పద్నాలుగేళ్లు. ఆనాటి సినిమా పాటలు ఎక్కించాను. నా పేరు మరిచిపోయిన అమ్మ రెండో చరణం తడబడకుండా పాడింది! సాయంత్రం ఐదయితే "మా ఇంటికి పోతా" అని చెప్పులు వెతుకుతుంది చూడండి, ఆ వేళకు దీన్ని మించింది లేదు. రోజంతా మోగితే మాత్రం ఆమెకూ చిరాకే, నాకూ చిరాకే.

పొద్దున పూటకు నా ఓటు పూలబుట్టకే. పావుకిలో కనకాంబరాలు, తడిపిన అరటినార ముందు పెడతాను. రెండు పూలు ఇటు, రెండు అటు, నార ఒక చుట్టు, బొటనవేలితో ఒక బిగింపు. కళ్లు వీధిలో ఉన్నా వేళ్లు ఆగవు. మధ్యలో మోచేతికి ఆనించి మూర కొలుస్తుంది. ఆల్జీమర్స్ తొలినాళ్లలోనే దెబ్బతినేది కొత్త సంగతులను దాచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం. చేతికి అలవాటైన పనులను మెదడులో వేరే భాగాలు చూసుకుంటాయి, అవి చాలాకాలం నిలబడతాయి. నెదర్లాండ్స్‌లో టోవర్‌తాఫెల్ అనే యంత్రం చేశారు. బల్ల మీద వెలుగుబొమ్మలు వేస్తుంది, వాటి మీద చెయ్యి ఆడిస్తే అవీ కదులుతాయి. వృద్ధాశ్రమాలకు మంచిదే కాబోలు. మాకు అసలు పూలే సంతలో దొరుకుతుంటే దీపం పువ్వులెందుకు?

అయితే పూలబుట్టకు పక్కన మనిషి ఉండాలి, పెట్టెకు అక్కర్లేదు. ఏ పని ఇచ్చినా చెల్లదు కూడా. చెనిక్కాయలు వొలవమంటే గింజలు నోట్లో వేసుకుని పొలమారింది, ఆ రోజుతో ఆపేశాను. పూలు అయిపోతే కట్టినవే విప్పి మళ్లీ ఇమ్మని ఎవరో చెబితే ఒకసారి విప్పాను. అమ్మ చూసింది. "ఎందుకమ్మా, బాగలేదా?" అంది. మళ్లీ ఆ పని చేయలేదు, దండ దేవుడి పటానికి పోతుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు పూల ధరలు ముట్టుకునేటట్టు ఉండవు. ఆ తొమ్మిది రోజులూ ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టిస్తాను. ఒకే తువ్వాలు నాలుగుసార్లు మడిచినా నాకేం తొందర లేదు.