యుటిలిటీ నేలకు ఏది మేలు: తాండూరు బండా, యాంటీ స్కిడ్ టైలా?

ఇల్లు కట్టుకుంటున్న బంధుమిత్రులు హాలులో వేసే టైల్స్ గురించి నెలల తరబడి ఆలోచించి, వాషింగ్ మెషీనూ అంట్ల సింకూ ఉండే యుటిలిటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ఫోనుతో తేల్చుకోవాలని చూస్తారు. తాండూరు బండ వేయించాలా, యాంటీ స్కిడ్ టైల్ వేయించాలా అన్నదే వారు అడిగే మాట. పోయిన వేసవిలో మా యుటిలిటీ నేల తవ్వించి కొత్తది వేయించినప్పటి నుంచి ఈ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి.

తవ్వించిన పాత నేల నీలి తాండూరు బండే. వికారాబాద్ జిల్లా నుంచి వచ్చే ఈ రాయి మీద నాకు ఇప్పటికీ అభిమానమే. పాలిష్ పట్టించకుండా వేస్తే సహజమైన గరుకుతనం వల్ల తడిలోనూ కాలు నిలుస్తుంది. మందం టైల్‌కు రెట్టింపుపైగా ఉంటుంది కనుక నిండు బిందె జారిపడినా పెచ్చు లేవడం అరుదు. ఖర్చూ అందుబాటులోనే ఉంటుంది. అయినా దాన్ని ఎందుకు తీయించానంటే, మాది బోరు నీళ్ల ఇల్లు.

బోరు నీరు ఆరిన చోటల్లా తెల్లటి పొర కడుతుంది. ఆ పొర సబ్బుకు లొంగదు కనుక ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు యాసిడ్ సీసా తెస్తారు. చిక్కంతా అక్కడే ఉంది: ఆ తెల్లపొరలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, తాండూరు బండలోనూ ముఖ్యంగా ఉండేది అదే. మరకను కరిగించే ఆమ్లం రాయిని విడిచిపెట్టదు. మా ఇంట్లో మూత సరిగా బిగించని సీసా ఒకటి మెషీన్ పక్కన రాత్రంతా ఉండిపోతే, తెల్లవారేసరికి దాని అడుగు ఆకారంలో పాలిపోయిన గుండ్రటి మచ్చ పడింది. ఆ తర్వాత ఎంత తోమినా పోలేదు. కడప బండ, బేతంచర్ల, షాబాదు రాళ్లూ, పాలరాయీ ఇదే కుదురుకు చెందినవి కనుక వాటికీ ఇదే గతి.

టైల్ పైపూతకు ఈ యాసిడ్ వల్ల సాధారణంగా హాని ఉండదు. అయితే టైళ్ల మధ్య నింపే సిమెంటు గ్రౌట్‌ను అది తినేస్తుంది, అందువల్ల ఖర్చు ఎక్కువైనా యాసిడ్‌కు తట్టుకునే ఎపాక్సీ గ్రౌటే వేయించాలి. టైల్‌కు పెట్టి గ్రౌట్ దగ్గర మిగుల్చుకుంటే బండ వేసుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. పట్టు విషయంలో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉండే తరగతుల్లో ఆర్11 చాలు. అంతకుమించిన గరుకుదనంలో మురికి దిగి, వారం వారం బ్రష్ పట్టవలసి వస్తుంది. ఆర్11కు కూడా ఆ ఇబ్బంది కొంత ఉందని ఒప్పుకోవాలి.

టైల్ సైజు అడుగుకు మించకూడదు. నీరు నాలుగు వైపుల నుంచీ జాలీ వైపు దిగాలంటే పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు కావాలి. రెండడుగుల టైల్‌ను కోయకుండా అలా వేస్తే ఏదో ఒక మూల పైకి లేస్తుంది. మేము టైల్స్ వేసిన మర్నాడు, గ్రౌట్ నింపకముందే, బకెట్ నీళ్లు పోయించి చూశాము. మెషీన్ పెట్టే మూలలో అరచేయంత మేర నీరు నిలిచింది. మేస్త్రీ కాస్త విసుక్కున్నా, రెండు టైళ్లు లేపి మళ్లీ వేశాడు.

గ్రానైట్ యాసిడ్‌కు తట్టుకుంటుంది గానీ పాలిష్ చేసినది తడిలో జారుతుంది, కాస్త గరుకుగా ఉంచే లెదర్ ఫినిష్‌కు డబ్బు ఎక్కువ. హాలులో మిగిలిపోయిన నున్నటి విట్రిఫైడ్ టైల్స్ ఇక్కడ వేయాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది. వినైల్, చెక్క నేలల సంగతి ఈ గదికి సంబంధించి చర్చించనక్కరలేదు.

మంజీరా, కృష్ణా నీరు కుళాయిలో వచ్చే ఇళ్లలో, యాసిడ్ సీసా గడప దాటనివ్వని క్రమశిక్షణ ఉంటే, పాలిష్ లేని తాండూరు బండనే నేనూ వేయించుకునేవాణ్ణి. మా నేలలోంచి పగలకుండా వచ్చిన ఆరు బండలను పెరట్లో తులసికోట చుట్టూ పరిపించాను.