స్విన్నర్టన్ ఇంటిపేరు వెంట: ఏళ్ల తరబడి వాడిన సైట్లలో ఏది పనికొచ్చింది, ఏది దండగ

అరుదైన ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు వెతకాలంటే డబ్బు కట్టే వంశవృక్షాల సైటు కావాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. కొన్ని నెలలకైతే కావాలి, ఏళ్ల తరబడి చందా మాత్రం దండగ. నా పని ముందుకు నడిపించినవి ఉచితంగా దొరికే పాత రికార్డుల సైట్లే. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది అసలు వంశాలకు సంబంధించినదే కాదు, పక్షులు, పురుగుల మీద వచ్చిన శాస్త్రపత్రికల లైబ్రరీ.

నేను వెతికిన పేరు స్విన్నర్టన్. ఆ పేరుతో నాకు చుట్టాలెవరూ లేరు. టాంజానియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో, సెరెంగెటి వైపు మనుషుల్ని, పశువుల్ని కుట్టి రోగాలు అంటించే సెట్సీ ఈగల్లో ఒక జాతి పేరు గ్లోసినా స్విన్నర్టొనీ అని తెలిసింది. తర్వాత కెన్యా చరిత్ర చదువుతుంటే 1954 నాటి స్విన్నర్టన్ ప్లాన్ కనపడింది. ఈగకీ, భూముల పథకానికీ ఒకే ఇంటిపేరు ఎలా వచ్చిందని మొదలుపెట్టాను. అది ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో ఒక పల్లెటూరి చర్చి దాకా తీసుకుపోయింది.

ఆ పల్లె పేరే స్విన్నర్టన్. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకేం వింత కాదు. 1086లో విలియం రాజు చేయించిన డోమ్స్‌డే లెక్కల్లో ఈ ఊరు స్టాఫర్డ్ రాబర్ట్ అనే పెద్ద జమీందారు కింద ఉంది. ఆ లెక్కల్ని ఊరి పేరుతో చూపించే ఉచిత సైటు ఓపెన్ డోమ్స్‌డే. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, అంతకుమించి అందులో వెతకడానికి ఏమీ ఉండదు. ఊళ్లోని సెయింట్ మేరీ చర్చిలో 13వ శతాబ్దపు క్రీస్తు విగ్రహం ఒకటుంది. కూర్చున్న భంగిమలో, మనిషి కంటే పెద్దది. ఊరు చిన్నదైనా దాని ప్రభువులు చిన్నవాళ్లు కాదని ఆ విగ్రహం చూస్తే అర్థమవుతుంది. ఎడ్వర్డ్ 2 కాలంలో ఆ ఇంటివాడే రోజర్ లండన్ టవర్ కోటకు కాన్‌స్టబుల్‌గా, అంటే కోట అధిపతిగా పనిచేశాడు.

మధ్యయుగాల కోసం నేను ఎక్కువ కాలం గడిపింది బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో. లండన్ విశ్వవిద్యాలయంలోని చారిత్రక పరిశోధన సంస్థ నడుపుతుంది. స్టాఫర్డ్‌షైర్ చరిత్ర సంపుటాలు, రాజుగారి కార్యాలయపు రోల్స్ (చుట్టలుగా దాచిన రికార్డులు), పోప్ కార్యాలయం నుంచి బ్రిటన్‌కు వచ్చిన ఉత్తరాల సంగ్రహాలు అన్నీ ఒకేచోట వెతకొచ్చు. చూడ్డానికి పాతకాలపు సైటులా ఉంటుంది. ఫొటోలుండవు, గ్రాఫులుండవు. కానీ టైపు చేసిన పాఠం కాబట్టి ఇంటిపేరు కొడితే వాక్యంతో సహా దొరుకుతుంది.

చర్చి రికార్డుల్లో ఈ పేరు ఇంత తరచుగా ఎందుకు కనిపిస్తుందో మొదట్లో నాకు అంతుపట్టలేదు. కారణం చర్చి భక్తి కాదు, ఆస్తి. అప్పట్లో చాలా ఊళ్లలో చర్చికి ఎవరిని పాదిరిగా పెట్టాలో బిషప్‌కు సూచించే హక్కు ఆ ఊరి ప్రభువుది. ఆ హక్కును భూమితో పాటు అమ్ముకోవచ్చు, కట్నంగా ఇవ్వొచ్చు, దాని కోసం కోర్టుకు పోవచ్చు. పెద్దకొడుక్కి భూమి, చిన్నకొడుక్కి చర్చి అన్నట్టు సర్దుకునేవాళ్లు. అందుకే బిషప్‌ల రిజిస్టర్లలో ఒకే ఇంటిపేరు సూచించినవాళ్ల వరుసలోనూ ఉంటుంది, నియమితులైనవాళ్ల వరుసలోనూ ఉంటుంది.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది, రికార్డులో 'డి స్విన్నర్టన్' అని ఉన్న ప్రతి పాదిరీ ఆ జమీందారీ కుటుంబం వాడు కాడు. ఆ ఊరి నుంచి వచ్చినవాడని మాత్రమే కావచ్చు. ఊళ్లో కుమ్మరి కొడుకు చదువుకుని పాదిరి అయినా అదే పేరు. తోడుగా అన్న పేరో, భూమి దస్తావేజో, సాక్షుల జాబితాలో తెలిసిన బంధువో ఉంటేనే కుటుంబంలో కలపాలి. రెండోది, మధ్యయుగపు పాదిరికి పెళ్లి ఉండదు. కాబట్టి చట్టబద్ధమైన సంతానమూ ఉండదు. అలాగని పిల్లలు లేరని కాదు. పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు పాదిరి కావాలంటే చర్చి నుంచి ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి. పోప్ ఉత్తరాల సంగ్రహాల్లో ఇలాంటి మినహాయింపులు కుప్పలుగా ఉన్నాయి. దగ్గర బంధువుల పెళ్లికి, రెండు చర్చిల ఆదాయం ఒకరే తినడానికి కూడా అక్కడి నుంచే అనుమతి రావాలి. వంశం వెతికేవాళ్లకు ఈ అనుమతులు బంగారం. ఎవరు ఎవరికి ఏమవుతారో స్పష్టంగా రాసి ఉంటుంది, ఎందుకంటే ఆ బంధుత్వమే అక్కడ సమస్య.

డబ్బు కట్టే సైటు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. నేను చందా కట్టిన సైటు పేరు చెప్పను, అన్నీ కొంచెం అటూ ఇటూ ఒకటే. నేను ఒక పాదిరి పేరు ఎక్కించగానే అది నాకు ఆయన భార్యని, నలుగురు పిల్లల్ని చూపించింది. ఎవరో ఒకరు ఊహించి పెట్టిన చెట్టుని వందమంది కాపీ కొట్టారు, వందమంది చెప్పారు కాబట్టి సైటు దాన్ని నాకు సూచించింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, పైన డోమ్స్‌డే నాటి ప్రభువు పేరు, కింద ఆధారం దగ్గర ఖాళీ. చందా ఆపుదామంటే ఆ బటన్ ఎక్కడుందో వెతకడం ఇంకో పరిశోధన.

అయినా ఒక్క కాలానికి ఆ సైటు పనికొచ్చింది, 1538 తర్వాత. ఆ ఏడాది థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల పుస్తకం పెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. వాటి స్కాన్లు పెద్ద సైట్లలో ఉంటాయి. చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఉచితంగానూ వెతకొచ్చు. అందులో తెలియని అక్షరం చోట ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలైనా పట్టేచోట నక్షత్రం గుర్తు పెట్టే సౌకర్యముంది. ఈ పేరుకి అది లేకపోతే పని జరగదు. వై తో ఒకరు, ఐ తో ఒకరు, ఒక ఎన్ తో ఒకరు, మధ్యలో ఎ పెట్టి ఇంకొకరు రాశారు. 1612లో లండన్ మేయర్‌గా ఉన్న జాన్ స్విన్నర్టన్ పేరు ఐ తో ఉంటుంది. స్పెల్లింగు చూసి వేరే కుటుంబమనుకుంటే సగం రికార్డులు పోయినట్టే.

1540 నుంచి 1835 దాకా ఇంగ్లండ్ పాదిరీల నియామకాలకు ప్రత్యేకంగా ఒక డేటాబేస్ ఉంది, క్లర్జీ ఆఫ్ ది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ డేటాబేస్. ఉచితం. సమస్యల్లా మనుషుల్ని కలపడంలో ఉంది. ఒకే పేరుతో ఉన్న ఇద్దరు పాదిరీలు ఒక్కరేనా, ఇద్దరా అన్నది చాలాసార్లు మనమే తేల్చుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. 16వ శతాబ్దం మధ్యలో ఆ ఊరి స్విన్నర్టన్‌లకు కొడుకులు లేకుండా పోయారు. ఇద్దరు కూతుళ్లలో ఒకరి ద్వారా స్విన్నర్టన్ ఊరు ఫిట్జ్‌హెర్బర్ట్ కుటుంబానికి, ఇంకొకరి ద్వారా హిల్టన్ అనే ఎస్టేటు వెర్నన్ కుటుంబానికి వెళ్లాయి. ఊరుంది, చర్చి ఉంది, ఆ పేరుగల దొరలు లేరు. తర్వాత కనిపించే స్విన్నర్టన్‌లందరూ చిన్న శాఖలవాళ్లో, ఊరి పేరు తగిలించుకున్న మామూలు జనమో. అక్కడి నుంచి 19వ శతాబ్దానికి గట్టి వంతెన నాకు ఏ సైటులోనూ దొరకలేదు. నా చెట్టులో ఆ చోటు ఖాళీగానే ఉంచాను. సైటు ఎన్నిసార్లు సూచించినా నొక్కలేదు.

19వ శతాబ్దంలో పేరు ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని డగ్లస్ పట్టణంలో తేలుతుంది. ఆ ఇంట్లో జోసెఫ్ శిల్పి. ఆయన భార్య ఆనీ స్విన్నర్టన్ చిత్రకారిణి, 1922లో రాయల్ అకాడమీకి అసోసియేట్‌గా ఎన్నికయింది. జోసెఫ్ సోదరుడు చార్ల్స్ పాదిరి అయ్యి ఇండియాలో సైన్యానికి చాప్లిన్‌గా పనిచేశాడు, సింధునది ఎగువ ప్రాంతపు జానపద కథలు సేకరించి అచ్చు వేయించాడు. మధ్యయుగపు స్విన్నర్టన్‌ల మీద వ్యాసాలు రాసిందీ ఆయనే. కష్టపడి దస్తావేజులు చదివిన మనిషే, కానీ తన వంశం గురించి తానే రాసుకున్నప్పుడు పాఠకుడు కొంచెం ఎడంగా కూర్చుని చదవాలి.

ఇండియా భాగానికి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులే దిక్కు. ఇక్కడి చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు లండన్‌కు పంపేవాళ్లు. వాటి వరుస సంఖ్యలు: ఎన్1 బెంగాల్, ఎన్2 మద్రాసు, ఎన్3 బొంబాయి. స్కాన్లు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశవృక్షాల సైటులో ఉన్నాయి, చందా కట్టాలి. నేను కొన్ని నెలలకు అవసరం అన్నది ఇలాంటి వాటికే. స్విన్నర్టన్‌తో సంబంధం లేని మాట ఒకటి: మచిలీపట్నం, విశాఖ, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చర్చిల మీద పనిచేసే మనవాళ్లకు ఎన్2 చాలా ముఖ్యం. ముందు ఫిబిస్ అనే బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం ఉచిత సూచిలో పేరు చూసుకుని, దొరికితేనే డబ్బు కట్టండి.

పాదిరి చార్ల్స్ కొడుకే ఈగ పేరులో ఉన్నాయన. చార్ల్స్ ఫ్రాన్సిస్ మాసీ స్విన్నర్టన్, 1877లో ఇంగ్లండ్‌లోని లోస్టాఫ్ట్‌లో పుట్టాడు, 1897లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) వెళ్లాడు. చిరిండా అడవి పక్కన గుంగున్యానా అనే ఫారం చూసుకున్నాడు. ఆ ఫారం పేరు కూడా ఊరికే వచ్చింది కాదు. పోర్చుగీసువాళ్లు 1895లో పట్టుకుని అజోర్స్ ద్వీపాలకు పంపేసిన, ఆఫ్రికాలోని గాజా రాజ్యపు రాజు పేరు అది. రాజు ప్రవాసంలో 1906లో పోయాడు, ఆయన పేరు తెల్లవాళ్ల ఫారానికి మిగిలింది.

ఈయన్ని వంశవృక్షాల సైట్లలో వెతికితే పుట్టుక, చావు తప్ప ఏమీ రాదు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పేరు కొట్టాక జీవితమంతా బయటపడింది. పాత శాస్త్రపత్రికలు పూర్తిగా, ఉచితంగా, పేజీ స్కాన్లతో ఉంటాయి. ఆయన పంపిన పక్షికి 1906లో ఆయన పేరు పెట్టారు. స్విన్నర్టన్స్ రాబిన్ ఇప్పటికీ జింబాబ్వే తూర్పు కొండల్లో, మొజాంబిక్‌లో, టాంజానియా అడవుల్లో ఉంది. జాతి పేరు, ప్రజాతి పేరు రెండూ ఆయనవే, స్విన్నర్టోనియా స్విన్నర్టొనీ. ఏ వంశానికైనా ఇంతకంటే అరుదైన రికార్డు ఏముంటుంది!

అంతకంటే నాకు నచ్చింది పోర్చుగీసు తూర్పు ఆఫ్రికా (ఇప్పటి మొజాంబిక్)లోని మొసురిజే ప్రాంతంలో సెట్సీ మీద ఆయన రాసి 1921లో అచ్చయిన నివేదిక. గుంగున్యానా తండ్రి మ్జీలా తన జనాన్ని దగ్గరదగ్గరగా స్థిరపరిచి, పొదలు కొట్టించి, అడవి జంతువుల్ని వేటాడించి ఆ నేల నుంచి సెట్సీని తరిమాడని స్థానికుల మాటలు విని రాశాడు. ఒక ఆఫ్రికన్ రాజు చేసిన పని నుంచి వలస ప్రభుత్వపు శాస్త్రవేత్త పాఠం నేర్చుకున్నాడన్నమాట. తర్వాత టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) 1919 నుంచి వేట శాఖకు మొదటి వార్డెన్, 1929లో షిన్యాంగా కేంద్రంగా సెట్సీ పరిశోధన శాఖకు డైరెక్టర్. పొదలు నరకడంలో అక్కడి సుకుమా ప్రజలు పడిన శ్రమ లేకుండా ఆ శాఖ లేదు, కానీ ఈగకు వాళ్ల పేరు పెట్టలేదు. 1938 జూన్‌లో విమాన ప్రమాదంలో ఆయన, వృక్షశాస్త్రజ్ఞుడు బర్ట్ కలిసి చనిపోయారు.

ఈ స్విన్నర్టన్ కొడుకు రోజర్ పేరు మీదే కెన్యా ప్లాన్ వచ్చింది. బ్రిటిష్ పాలన మీద కెన్యాలో లేచిన మావ్ మావ్ తిరుగుబాటును అణచడానికి 1952లో ఎమర్జెన్సీ పెట్టారు. రెండేళ్ల తర్వాత వ్యవసాయ శాఖలో ఉన్న రోజర్ స్విన్నర్టన్ ఈ పథకం రాశాడు. ముక్కచెక్కలుగా ఉన్న పొలాల్ని ఒకచోటికి చేర్చడం, పట్టాలివ్వడం, ఆఫ్రికన్ రైతుల్ని కాఫీ లాంటి పంటలు వేయనివ్వడం. సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చు. భూమి ఉన్న వర్గం, లేని వర్గం తయారవుతాయని పథకంలోనే ఒప్పుకున్నాడు, అది సహజమే అన్నాడు. కికూయూ మగవాళ్లు ఎందరో నిర్బంధ శిబిరాల్లో ఉండగా వాళ్ల ఊళ్లలో భూముల సర్దుబాటు జరిగిపోయింది. స్టాఫర్డ్‌షైర్‌లో విగ్రహం పక్కన వినిపించే ఈ ఇంటిపేరు కెన్యా పాఠ్యపుస్తకాల్లో వేరేలా వినిపించడానికి కారణం అదే.

ఈ కాలానికి లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్ సరిపోతుంది. వలసల శాఖ (సీఓ) ఫైళ్ల వరుస సంఖ్యలు గుర్తుంటే చాలు: టాంగన్యికాకు సీఓ 691, కెన్యాకు సీఓ 533, తూర్పు ఆఫ్రికా మొత్తానికి సీఓ 822. వలసల నుంచి తీసుకొచ్చి దాచిపెట్టి, మావ్ మావ్ బాధితుల కేసు వల్ల 2011లో బయటపడిన ఫైళ్లు ఎఫ్‌సీఓ 141లో ఉన్నాయి. కేటలాగ్ ఉచితం, ఫైళ్లు మాత్రం ఎక్కువభాగం స్కాన్ కాలేదు. అక్కడికి వెళ్లాలి, లేదా డబ్బు కట్టి నకలు తెప్పించుకోవాలి. పదవులు, బిరుదుల తేదీలకు లండన్ గెజిట్ అనే ప్రభుత్వ ప్రకటనల పత్రిక ఉచితంగా దొరుకుతుంది. కానీ పాత అచ్చును కంప్యూటర్ చదవడంలో అక్షరాలు తారుమారవుతాయి, కాబట్టి పేరుతో కాక తేదీతో వెతకడం మేలు.

మొదలుపెట్టేవాళ్లు ఈ వరుసలో వెళ్లండి: ముందు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్, తర్వాత ఫ్యామిలీసెర్చ్, ఆఫ్రికాకు సంబంధించినదైతే బయోడైవర్సిటీ లైబ్రరీ, క్యూ కేటలాగ్. చూడాల్సిన స్కాన్ల జాబితా చేతిలో తయారయ్యాకే ఒక నెల చందా కట్టి, అన్నీ దించుకుని ఆపేయండి. నాకిప్పుడు ఏ చందా లేదు. మిగిలింది రొడీషియా కాలపు భూమి ఫైళ్లు. అవి చూడాలంటే హరారే వెళ్లాలి.