‘ఎందుకు?’ బొమ్మల పుస్తకాలు: కొనేముందు ఏ పేజీ తెరిచి చూడాలి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ‘ఎందుకమ్మా?’, ‘ఎలా నాన్నా?’లకు జవాబిచ్చే బొమ్మల పుస్తకాల్లో నిజంగా మంచివి ఉన్నాయి, అట్ట చూసి మోసపోయేవీ ఉన్నాయి. తేడా పట్టడానికి పుస్తకమంతా చదవనక్కర్లేదు. నీళ్లలో నానిన వేళ్లు ఎందుకు ముడతలు పడతాయో చెప్పే పేజీ ఉంటే ముందు అదే తెరవండి.

చాలా పుస్తకాలు ‘చర్మం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది’ అని తేల్చేస్తాయి. కానీ నరం తెగిన వేలికి ఎంతసేపు నానినా ఆ ముడతలు సరిగా రావు. అంటే ఇది నరాలు చేయించే పని. వేలి లోపలి రక్తనాళాలు సన్నబడితే పైచర్మం లోపలికి లాగినట్టయి ముడుచుకుంటుంది. నాలుగేళ్ల పిల్లకు ఇదంతా అక్కర్లేదు. ‘వేళ్లు తడిశాయని నీ ఒంటికి తెలిసి, చర్మాన్ని లోపలికి లాక్కుంటుంది’ అంటే చాలు. ఇంత చిన్న వాక్యంలో నిజం చెప్పగలిగిన రచయితను మిగతా పేజీల్లోనూ నమ్మొచ్చు.

ఆకాశం నీలంగా ఉండేది సముద్రం నీడ పడటం వల్ల అని రాసిన పుస్తకం వద్దు. సూర్యుడి వెలుగులోని నీలాన్ని గాలి ఎక్కువగా చెదరగొడుతుంది, అంతే. బొమ్మలూ తప్పులు నేర్పుతాయి. నెలవంక కొమ్ముల మధ్య చుక్క గీస్తారు. అక్కడ ఉన్నది చందమామ చీకటి భాగం, దాని ముందు చుక్క కనిపించదు. పగటి చందమామను గీసినవి అరుదు. కనిపిస్తే వదలకండి.

చావు గురించిన పేజీ మరీ జాగ్రత్తగా చూడాలి. ‘తాతయ్య నిద్రపోయాడు’ అని రాస్తే ఆ రాత్రి నుంచి పిల్లాడు పడుకోవడానికి భయపడొచ్చు. ‘ఊపిరి ఆగిపోయింది, ఒళ్లు ఇక పనిచేయదు, మళ్లీ లేవడు’ అని మెత్తగా, సూటిగా చెప్పినదే మేలు.

తయారీలో ముందు చిరిగేది, ఎత్తితే కింద జవాబు కనిపించేలా పేజీకి అంటించిన కాగితపు మూతల మడత. మూత పల్చటి కాగితమైతే, వేలు దూర్చడానికి అంచున గుంట లేకపోతే, పిల్లలు గోటితో పీకుతారు. చిరిగాక ఒకవైపే టేపు అంటిస్తే మళ్లీ అక్కడే ఊడుతుంది, రెండువైపులా వేయండి. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులుంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ బాగా ఉండాలి. లేకపోతే అప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కిందివరుస గుడినీ పైవరుస ఒత్తునీ కలిపేసుకుంటారు.

చదివేటప్పుడు జవాబు మూత వెంటనే ఎత్తొద్దు. ‘నువ్వేమనుకుంటున్నావ్?’ అని అడిగి కాసేపు ఆగండి. నీడల పేజీ దగ్గరైతే పుస్తకం పక్కన పెట్టి, దీపం ఆర్పి, టార్చి ఇవ్వండి. గోడ ముందు ఒక ఆటబొమ్మ పెట్టి, టార్చిని దానికి దగ్గరగా తెస్తే గోడమీద నీడ పెద్దదవుతుంది. ఈ పని చేయమని ఆ పేజీలోనే రాసి ఉంటే, ఆ పుస్తకం కొనేయండి.