మినీనెట్, ఓపెన్ వీస్విచ్, ర్యూ: ఏళ్ల తరబడి వాడాక తేలినవి

ఎస్‌డీఎన్ (స్విచ్‌లు ప్యాకెట్లను ఎటు పంపాలో కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్ నిర్ణయించే నెట్‌వర్కింగ్ పద్ధతి) మీద ఎంటెక్ ప్రాజెక్టో పీహెచ్‌డీయో చేసేవాళ్లలో చాలామంది ఈ మూడింటితోనే మొదలుపెడతారు. నెట్‌వర్క్ మొత్తాన్ని ఒక్క ల్యాప్‌టాప్‌లో లేపడానికి మినీనెట్, అందులో స్విచ్‌గా ఓపెన్ వీస్విచ్, వాటిని నడిపే కంట్రోలర్‌గా ర్యూ. మూడూ ఉచితమే, మూడింటి సోర్సూ తెరిచి చూసుకోవచ్చు. చాలాకాలంగా వాడుతున్న మాకు తేలింది ఇదీ: రూల్స్ (ఏ ప్యాకెట్‌ను ఏం చేయాలో కంట్రోలర్ స్విచ్‌కు ఇచ్చే ఆదేశాలు) సరిగ్గా పడుతున్నాయా, ప్యాకెట్ అనుకున్న దారిలోనే పోతోందా అని చూడటానికి ఇవి అద్భుతంగా పనికొస్తాయి. ఇందులో వచ్చిన మిల్లీసెకన్లనూ మెగాబిట్లనూ మాత్రం సరిచూసుకోకుండా పేపర్లో పెట్టకూడదు.

మినీనెట్ 2010లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఒక్కో హోస్టుకు ఒక్కో లినక్స్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (మిగతావాటితో కలవని సొంత నెట్‌వర్క్ సెట్టింగులు), వాటిని కలపడానికి వీఈత్ జతలు (రెండు కొసలున్న వర్చువల్ కేబుళ్లు), అంతే. వర్చువల్ మెషీన్ల బరువు లేదు కాబట్టి పదుల కొద్దీ హోస్టులు మామూలు మెషీన్ మీదే లేస్తాయి. హోస్టులో నడిచేది సిమ్యులేట్ చేసిన టీసీపీ కాదు, అసలు లినక్స్ కెర్నల్ టీసీపీ. సిమ్యులేటర్లు వదిలి దీనికి రావడానికి ఈ ఒక్క కారణం చాలు.

లింకుల దగ్గరే జాగ్రత్త కావాలి. లింక్ రకాన్ని టీసీ (లినక్స్ ట్రాఫిక్ కంట్రోల్) అని పెట్టి డిలే 10 మిల్లీసెకన్లు ఇస్తే, రెండు హోస్టులు ఒక స్విచ్ ఉన్న చిన్న టోపాలజీలో పింగ్ 40 చూపిస్తుంది. పోయేటప్పుడు రెండు లింకులు, వచ్చేటప్పుడు రెండు. చాలామంది 20 వస్తుందనుకుని కంట్రోలర్ కోడ్‌లో తప్పు వెతుకుతుంటారు. ఇంతకంటే ముఖ్యమైనది క్యూ. డిలే పెట్టి క్యూ సైజు చెప్పకుండా వదిలేస్తే నెట్ఎమ్ (లింకుకు డిలే కలిపే లినక్స్ భాగం) తన డిఫాల్ట్ 1000 ప్యాకెట్లు పట్టుకుంటుంది. 10 మెగాబిట్ల లింకు మీద 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి నిండితే అవి ఖాళీ అవడానికే 1.2 సెకన్లు పడుతుంది. అప్పుడు కొలుస్తున్నది మన రౌటింగ్ అల్గారిథాన్ని కాదు, ఆ క్యూని. పైగా జీఎస్ఓ, టీఎస్ఓ (డేటాను పెద్ద ముక్కలుగానే ఉంచి చివర్లో ప్యాకెట్లుగా విడగొట్టే సదుపాయాలు) ఆన్‌లో ఉంటే క్యూలో ఒక్కో ‘ప్యాకెట్’ 64 కిలోబైట్ల దాకా ఉండొచ్చు. అందుకని ప్రతి హోస్టు ఇంటర్‌ఫేస్ మీదా ఈత్‌టూల్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ, వచ్చే ప్యాకెట్లను కలిపేసే జీఆర్ఓ మూడూ ఆపి, క్యూ సైజు మనమే లెక్కగట్టి ఇవ్వాలి.

బ్యాండ్‌విడ్త్‌కు పై హద్దు 1000 మెగాబిట్లు. 10 గిగాబిట్ల లింకు కావాలని 10000 అని రాస్తే, ఆ విలువను పట్టించుకోవట్లేదని ఒక ఎర్రర్ లైను చూపించి, ఏ పరిమితీ లేకుండానే లింకును లేపుతుంది. స్క్రిప్టు ఆగదు. లాగ్ చదవనివాళ్ల గ్రాఫులు ఇక్కడే పాడవుతాయి.

ఓపెన్ వీస్విచ్ మీద మాకు ఫిర్యాదులు తక్కువ. ఓపెన్‌ఫ్లో (కంట్రోలర్, స్విచ్ మాట్లాడుకునే ప్రోటోకాల్) 1.3 మాత్రమే కావాలంటే బ్రిడ్జికి (ఓపెన్ వీస్విచ్‌లోని వర్చువల్ స్విచ్‌కు) ప్రోటోకాల్ చెప్పాలి, రూల్స్ చూసే ఓఎఫ్‌సీటీఎల్ కమాండుకూ అదే వెర్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే వెర్షన్ నెగోషియేషన్ ఫెయిల్ అని రావచ్చు. చేత్తో బ్రిడ్జి కట్టుకునేవాళ్లు ఫెయిల్ మోడ్ (కంట్రోలర్ అందకపోతే స్విచ్ ఏం చేయాలన్న సెట్టింగు) తప్పక చూడాలి. మినీనెట్ తన స్విచ్‌లను సెక్యూర్‌లో (తనంతట తాను రూల్స్ వేసుకోని మోడ్) లేపుతుంది కానీ, ఓవీఎస్ (ఓపెన్ వీస్విచ్) సొంత డిఫాల్ట్ స్టాండలోన్. ఆ మోడ్‌లో కంట్రోలర్ నుంచి కొంతసేపు ఏ మెసేజీ రాకపోతే స్విచ్ తనే మామూలు లెర్నింగ్ స్విచ్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది. కంట్రోలర్ చచ్చిపోయినా పింగ్‌లు చక్కగా పోతుంటాయి, మన కోడే పనిచేస్తోందని నమ్మేస్తాం.

దీని ట్రేస్ కమాండు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇన్‌పోర్టు 1, గమ్యం మ్యాక్ ఫలానా అని ఊహా ప్యాకెట్ ఒకటి ఇస్తే, ఏ టేబుల్లో ఏ ప్రయారిటీ రూల్ దానికి తగిలింది, చివరికి ఏ పోర్టులోంచి బయటికి పోతుంది అన్నీ వరసగా చెబుతుంది. ప్యాకెట్లు పట్టి చూపించే వైర్‌షార్క్ ముందు గంటలు కూర్చునే పని దీంతో నిమిషంలో అయిపోతుంది.

ర్యూ విషయంలో మా అభిప్రాయం మారింది. జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ నుంచి వచ్చిన ఈ పైథాన్ కంట్రోలర్ నేర్చుకోవడానికి ఇప్పటికీ అన్నిటికంటే తేలిక. అయితే చివరి రిలీజు 4.34 దగ్గరే ఆగిపోయింది. కొత్త ఉబుంటులో నేరుగా పిప్‌తో వేస్తే ఇన్‌స్టాల్ దగ్గరే సెటప్‌టూల్స్‌తో గొడవ, అది దాటితే రన్ చేసేటప్పుడు ‘ఆల్రెడీ హ్యాండిల్డ్’ దొరకలేదని ర్యూ వాడే ఈవెంట్‌లెట్ లైబ్రరీ నుంచి ఇంపోర్ట్ ఎర్రర్. పైథాన్ 3.9తో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టి, సెటప్‌టూల్స్ 67.6.1, ఈవెంట్‌లెట్ 0.30.2 వేసుకుంటే రెండూ పోతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఓపెన్‌స్టాక్ (ఓపెన్ సోర్స్ క్లౌడ్ ప్రాజెక్టు) వాళ్లు నడుపుతున్న ఓఎస్-కెన్ ఫోర్క్ (ర్యూ కోడ్ నుంచి విడిగా కొనసాగుతున్న రూపం) చూడటం మంచిది.

కోడ్ రాసేటప్పుడు ఎక్కువమంది తట్టుకుని పడేది టేబుల్ మిస్ దగ్గర. ఓపెన్‌ఫ్లో 1.0లో ఏ రూలూ తగలని ప్యాకెట్ కంట్రోలర్‌కు వెళ్లేది, 1.3లో డ్రాప్ అవుతుంది. స్విచ్ కనెక్ట్ అవగానే ప్రయారిటీ 0తో, కంట్రోలర్‌కు పంపే రూలొకటి వేయకపోతే ప్యాకెట్-ఇన్ (స్విచ్ ప్యాకెట్‌ను కంట్రోలర్‌కు పంపే మెసేజీ) ఒక్కటీ రాదు. స్విచ్‌లను త్రిభుజంలా కలిపి ర్యూతో వచ్చే మామూలు సింపుల్ స్విచ్ ఉదాహరణ నడిపితే, మ్యాక్ అడ్రసు అడిగే మొదటి ఏఆర్‌పీ మెసేజీకే బ్రాడ్‌కాస్ట్ తుఫాను (అవే ప్యాకెట్లు లూపులో తిరుగుతూ పెరిగిపోవడం) లేస్తుంది. ఎస్‌టీపీ (లూపులు రాకుండా కొన్ని పోర్టులను ఆపే ప్రోటోకాల్) ఉన్న ఉదాహరణ వాడండి, అందులోనూ లిజన్ 15, లెర్న్ 15 కలిపి 30 సెకన్లు ఆగాకే పింగ్ఆల్ (అన్ని హోస్టుల మధ్యా పింగ్) ఇవ్వండి.

ఈ సెటప్ చూపించని సమస్యలే పరిశోధనలో పెద్దవి. అసలు హార్డ్‌వేర్ స్విచ్‌లో రూల్స్ టీక్యామ్ అనే ప్రత్యేక మెమరీలో కూర్చుంటాయి. అది ఖరీదైనది, చోటు చాలా తక్కువ. ఓవీఎస్‌లో లక్ష రూల్స్ వేసి ‘మా పద్ధతి స్కేల్ అవుతుంది’ అంటే ఒప్పుకోలేం. దారి మార్చేటప్పుడు కూడా అంతే. మూడు స్విచ్‌లకు ఒకేసారి ఫ్లో-మాడ్ (రూల్ మార్చే మెసేజీ) పంపితే అవి అదే వరసలో అమలవుతాయన్న హామీ లేదు, మధ్యలో కాసేపు ప్యాకెట్లు లూపులో పడొచ్చు. కాబట్టి దారి చివరి వైపు స్విచ్‌లకు ముందు రూల్స్ పంపి, బారియర్ (ముందు పంపినవన్నీ అయ్యాయా అని అడిగే మెసేజీ) పంపి, జవాబు వచ్చాకే ప్రవేశ స్విచ్‌ను మార్చాలి. ఓవీఎస్‌లో ఇది శుభ్రంగా పనిచేస్తుంది. కొన్ని హార్డ్‌వేర్ స్విచ్‌లు రూల్ ఇంకా టీక్యామ్‌లో పడకముందే బారియర్‌కు జవాబిచ్చేస్తాయని కొలిచి చూపించిన పరిశోధన ఉంది. అందుకే హార్డ్‌వేర్ మీదికి వెళ్లినప్పుడు బారియర్‌ను నమ్మి ఊరుకోకుండా, కొత్త దారిలో ఒక ప్రోబ్ ప్యాకెట్ పంపి అది అవతలికి చేరాకే పాత రూల్స్ తీసేయండి.