వార్మ్‌బ్లడ్ గుర్రానికి పేపర్లు చేయించి పదేళ్ళు: చివరికి పనికొచ్చింది చిప్పే

వార్మ్‌బ్లడ్ అంటే స్వారీ పోటీల కోసం పెంచే యూరప్ గుర్రాలు. వాటిలో జర్మనీవైన హనోవేరియన్‌కి ఓల్డెన్‌బర్గ్‌కి తేడా ఏంటి, ఏ రిజిస్ట్రీకి (గుర్రం పుట్టుక నమోదు చేసి పేపర్లు ఇచ్చే సంఘానికి) ఎంత ఫీజు లాంటివి ఇక్కడ రాయట్లేదు, ఇది చదివేవాళ్ళకి అవన్నీ తెలిసే ఉంటాయి. నేను రాసేది గుర్రం మెడ ఎడమపక్క లోపల బియ్యపు గింజంత ఉండే గుర్తింపు చిప్ గురించి, అందులోని 15 అంకెల గురించి. ఇన్నేళ్ళలో కట్టిన డబ్బంతా కలిపితే నాకు నిజంగా పనికొచ్చింది అదొక్కటే.

మేముండేది నార్త్ కరోలినా. మా అమ్మాయి స్వారీ చేసే ఆడగుర్రానికి 2015లో మగపిల్ల పుట్టింది. ఒక జర్మన్ రిజిస్ట్రీ అమెరికా శాఖలో చేర్పించాం, పేరు చెప్పను. తండ్రి గుర్రం యజమాని ఇచ్చే బ్రీడింగ్ సర్టిఫికెట్, డీఎన్ఏకి కుదుళ్ళతో సహా పీకిన వెంట్రుకలు, ఆ తర్వాత వేరేవాళ్ళ ఫామ్‌లో మండుటెండలో ఇన్‌స్పెక్షన్. జూలు జడలేసి తీసుకెళ్తే తెల్ల ప్యాంటు కుర్రాడు తల్లిని పట్టుకుని పరిగెడతాడు, పిల్ల వెనకే వదులుగా ఎగురుతూ వస్తుంది, జడ్జీలు నడక, ట్రాట్ (నడకకీ పరుగుకీ మధ్య అడుగు), ఒడ్డూ పొడుగూ చూస్తారు. మా తాత ఒంగోలు గిత్తని చూసేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడకుండా చుట్టూ తిరిగేవాడు. మావాడికి ప్రీమియం (మంచి పిల్లలకిచ్చే పై గ్రేడు) వచ్చింది, వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఊదరగొట్టా. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తున్నా, అది నాలుగు నెలల పిల్ల ట్రాట్ చూసి ఇచ్చిన రిబ్బన్, పెద్దయ్యాక ఫెన్స్ మీంచి దూకేటప్పుడు మోకాళ్ళు ఎలా మడుస్తాడో అందులో రాసి ఉండదు.

పేరుకి కూడా రూలే. మా రిజిస్ట్రీలో తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టాలి (ట్రకెనర్ వాళ్ళయితే తల్లిది, డచ్ వాళ్ళు ఏడాదికో అక్షరం). మాకు డీ వచ్చింది, ధీర అని పెట్టాం.

2018లో మధ్యవర్తి ద్వారా అమ్మేశాం, ఒరిజినల్ పేపర్లు ఆయన చేతిలోనే పెట్టాం, అదే తప్పు. 2021లో ఒక షోలో (స్వారీ పోటీలో) మా అమ్మాయి వంతు కోసం రింగ్ పక్కన నిలబడితే లోపలికొచ్చిన గుర్రం నుదుటి మీద పక్కపక్కనే రెండు సుళ్ళు, ఎడమ వెనక కాలికి తెలుపు. "నాన్నా, ధీర!" అని మా అమ్మాయి అరిచింది. ఫోన్‌లో రిజల్ట్స్ తీసి చూస్తే పేరు వేరు, తండ్రి తెలీదు, తల్లి తెలీదు, బ్రీడర్ (పిల్లని పుట్టించినవాళ్ళు) తెలీదు! మావాడు అనాథ అయిపోయాడు. రిజిస్ట్రీలో చూస్తే ఓనర్‌గా ఇంకా నా పేరే ఉంది, మూడేళ్ళు మెంబర్‌షిప్ డబ్బులు కట్టమని మెయిల్స్ పంపారు కానీ గుర్రం ఎక్కడుందని ఒక్కసారి అడిగింది లేదు. మన బ్రీడింగ్‌ని ప్రమోట్ చేస్తాం అని బ్రోషర్‌లో రాస్తారే, ఆ ప్రమోషన్ ఇదన్నమాట.

అప్పుడు కాపాడింది చిప్పే. 2017 డిసెంబర్ 1 నుంచి యూఎస్ఈఎఫ్ (అమెరికా స్వారీ పోటీల సమాఖ్య) హంటర్, జంపర్ అనే దూకుడు పోటీల షోల్లో చిప్ తప్పనిసరి చేసింది కాబట్టి కొత్త ఓనరమ్మ కూడా ఆ నంబర్ ఇచ్చే ఉంది. నా దగ్గరున్న పేపర్ల కాపీలో నంబర్, ఆవిడ దగ్గరి నంబర్ పక్కపక్కన పెట్టి చూస్తే అంకె అంకె కలిసింది. పాపం ఆవిడకి పేపర్లు ఉన్నాయనే తెలీదు, మధ్యవర్తి ఇవ్వలేదు. ఆవిడే నా కాపీలు పంపించి షో రికార్డు సరిచేయించుకుంది. ఇప్పుడు వాడి పేరు కింద తండ్రీ తల్లీ ఉన్నారు, బ్రీడర్ దగ్గర మేమున్నాం. కొత్త పేరు మాత్రం అలాగే ఉంచుకుంది, పోనీలే.

మరి పేపర్లు చేయించాలా అంటే, మాది గుర్రాల్ని పుట్టించి అమ్మే స్టడ్ ఫామ్ కాదు, ఒక్క ఆడగుర్రం, పగలంతా నాకు ఉద్యోగం, కాబట్టి నా మాట అంతవరకే తీసుకోండి. ఆడపిల్ల పుట్టి ముందుముందు దానికి పిల్లల్ని పుట్టించే ఆలోచన ఉంటే తప్పకుండా చేయించండి. ఇంట్లో పిల్లలు ఎక్కే గెల్డింగ్‌కి (విత్తులు తీసేసిన మగగుర్రానికి) అయితే ప్రీమియం కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు, చిప్ మాత్రం వేయించండి. అమ్మేటప్పుడు పేపర్లు కొనేవాళ్ళ చేతికే ఇవ్వండి.

ఇంత తిట్టినా మళ్ళీ అదే రిజిస్ట్రీకి వెళ్తున్నాం, మా గుర్రం మళ్ళీ చూలుతో ఉంది. అది డబ్ల్యూఎఫ్ఎఫ్ఎస్ (పుట్టే పిల్ల చర్మం చిరిగిపోయే, బతకనివ్వని జన్యు జబ్బు) క్యారియర్ అని, అంటే జబ్బు లేకపోయినా ఆ జన్యువు మోస్తుందని తేలింది, మగదీ క్యారియరే అయితే పిల్లకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, అందుకని క్లియర్ ఉన్నదాన్నే వెతికి పట్టుకున్నాం. అంతా బాగానే ఉంది కానీ ఆ తండ్రిది క్యూ అక్షరం. క్యూతో మొదలయ్యే తెలుగు పేరు ఎవరికైనా తడితే చెప్పండి.